పదమూడు బిందెల చెరువు

గుర్రపుడెక్క అంటే తెలియని మనిషి మా డెల్టాలో లేడు. ఉంటే గింటే మా శాఖ ప్రధాన కార్యాలయంలో ఉండాలి. నీళ్ళ మీద తేలుతూ, దళసరి గుండ్రటి ఆకులతో, ఊదారంగు పువ్వులతో చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది ఆ మొక్క. ఒక్కటి కాలవలో పడిందంటే రెండు నెలలు తిరిగేసరికి అడుగున నీళ్ళున్నాయో లేదో దేవుడికే తెలియాలి. మా తుమ్మలదిబ్బ కాలవల ఆఫీసు వాళ్ళం ముప్ఫై ఏళ్ళుగా దాన్ని పీకుతున్నాం. కోయించాం, తగలబెట్టించాం, మందు కొట్టించాం. ఒకసారి దాన్ని తినే పురుగుల్ని కూడా ఎక్కణ్ణించో తెప్పించి వదిలాం. పురుగులు చచ్చిపోయాయి.

ఇంత అనుభవం ఉన్న ఆఫీసుకి, అదే మొక్కని గాజు తొట్టెలో వేసి పెంచండని ఆగస్టులో సర్క్యులర్ వచ్చింది.

దాని వెనక కథ తర్వాత తెలిసింది. ప్రధాన కార్యాలయంలో ప్రత్యేకాధికారి చిదానంద్ గారని ఒకాయన ఉన్నారు. ఆయన ఏదో శిక్షణకి పెద్ద ఊరు వెళ్ళి, హోటల్లో గది తాళంచెవి కోసం ఎదురుచూస్తూ, అక్కడున్న అక్వేరియంలో తేలే ఆకుల వంక చూస్తూ కూర్చున్నారట. నలభై నిమిషాలు గడిచినా తాళంచెవి రాలేదన్న సంగతి ఆయన గమనించలేదట. దాన్ని ఆయన ప్రశాంతత అనుకున్నారు. తిరిగొచ్చి "ప్రశాంత కార్యాలయ పథకం" ప్రవేశపెట్టారు.

"ఇందుమూలముగా సమస్త అధీన కార్యాలయములకు తెలియజేయునది ఏమనగా," అని మొదలైంది సర్క్యులర్. "ప్రతి కార్యాలయమునందు మూడడుగుల పొడవు గల గాజు జలాశయమును నెలకొల్పి, అందు స్థానిక జలములలో సహజముగా తేలియాడు మొక్కలను పెంచవలెను. సిబ్బంది యావన్మంది పూర్వాహ్నము ఏడు నిమిషములు, అపరాహ్నము ఏడు నిమిషములు సదరు మొక్కలను వీక్షించి, ప్రశాంతత పొందినట్లు రిజిస్టరునందు సంతకము చేయవలెను."

మా స్థానిక జలాల్లో సహజంగా తేలేది ఒక్కటే ఉంది.

మా డిప్యూటీ ఇంజనీరు, అంటే డి.ఈ., గోవర్ధన్ గారు మంచివారే. కాకపోతే ఆయన పదోన్నతి ఫైలు పైన ఎక్కడో కదులుతోంది, అంచేత పైనుంచి ఏ కాగితం వచ్చినా ఆయన కుర్చీలోంచి సగం లేచి అందుకుంటారు. సర్క్యులర్ చదివి ఏసోబుని పిలిపించారు. ఏసోబు మా లస్కరు. గట్టు మీద తిరిగి నీటిమట్టం కొలవడం, తూము తలుపులు ఎత్తడం దించడం, రైతులకు వంతు చీటీలు పంచడం అతని పని.

"ఏసోబూ, కాలవలోంచి నాలుగు గుర్రపుడెక్క మొక్కలు పట్రా. మంచివి చూసి తీసుకురా," అన్నారు డి.ఈ. గారు.

"తెచ్చి ఎక్కడ తగలెయ్యమంటారండి?" అన్నాడు ఏసోబు.

"తగలెయ్యడం కాదయ్యా. పెంచాలి."

ఏసోబు నా వంక చూశాడు. నేను ఫైలు వంక చూశాను. ఈ ఆఫీసులో ఇరవై ఆరేళ్ళుగా సీనియర్ అసిస్టెంటుగా ఉన్న నాకు, ఎవరి వంకా చూడకూడని సమయాలు తెలుసు.

సరిగ్గా అప్పుడే నాంచారమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. మా ఆఫీసు కాలవ చిట్టచివరి తూము పక్కనే ఉంటుంది. ఆ తూము దాటాక మిగిలింది ఆమె రెండెకరాలూ, ఇంకో పాతికమంది చేలూ, ఆ తర్వాత ఉప్పునేలలూ సముద్రమూ. ఇటుకల వంతెన దగ్గర్నుంచి మా తూము దాకా రెండు మైళ్ళు కాలవ గుర్రపుడెక్కతో పూడుకుపోయిందనీ, నీళ్ళు రావడం లేదనీ, ఊడ్చిన వరి ఎండిపోతోందనీ ఆమె అర్జీ పెట్టుకుని నెలైంది. పొక్లెయిన్ పంపిస్తామని డి.ఈ. గారు మాటిచ్చారు కూడా.

"వారంలో మిషను వస్తుందమ్మా," అన్నారాయన మళ్ళీ.

"వారమంటే ఏ వారమో చెప్పండి బాబూ. మడి నెర్రెలిచ్చింది. ఇంకో నెల పోతే చేను పొట్ట మీదికొస్తది. అప్పుడు నీళ్ళు లేకపోతే గింజ గట్టిపడదు, ఉప్పు గూడా పైకి తేలుద్ది," అంది నాంచారమ్మ.

డి.ఈ. గారు అర్జీ మీద "సానుభూతితో పరిశీలించవలెను" అని రాశారు. ఆమె వెళ్ళిపోయాక అక్వేరియం ఏ గోడకి పెట్టాలన్న దాని మీద మధ్యాహ్నం దాకా చర్చ జరిగింది. కిటికీ దగ్గర పెడితే ఎండకి వీక్షించేవాళ్ళకి కళ్ళు మంటలు పుడతాయని, బీరువాల మధ్య చీకటి గోడకి పెట్టించారు. దుమ్ము పడకుండా పైన గాజు మూత, మూత లోపల ట్యూబులైటు. కుళాయి నీళ్ళు పోసి ఏసోబు తెచ్చిన నాలుగు మొక్కలూ వదిలాం. పదకొండు మందితో సంరక్షణ సంఘం వేశాం.

ఆరో రోజుకి మొక్కలు చచ్చిపోయాయి.

ముందు ఆకులు పసుపుపచ్చగా తిరిగాయి. మూతకి పట్టిన చెమట బొట్లు బొట్లుగా ఆకుల మీద పడి, అవి మెత్తబడి కుళ్ళాయి. నల్లటి వేళ్ళు విడిపోయి అడుగున పేరుకున్నాయి. వాటిని వీక్షించి ప్రశాంతత పొందినట్లు మేం ఆరు రోజులూ సంతకాలు పెడుతూనే ఉన్నాం. ఏసోబు తొట్టె ముందు గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు.

"బయట చావమంటే చావదు. లోపల బతకమంటే బతకదు. దీనికేం రోగమండీ?" అన్నాడు.

డి.ఈ. గారు నన్ను గదిలోకి పిలిచారు. చచ్చిపోయాయి అనే మాట రిపోర్టులో రాయొద్దన్నారు. "మొక్కలు విశ్రాంతి దశయందు ప్రవేశించినవి" అని నేను రాశాను. కారణం అడిగారు పైనుంచి. కుళాయి నీళ్ళలో మందు కలుపుతారు గనక అదే కారణమై ఉంటుందని సంరక్షణ సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. ఎండ లేకపోవడం గురించి ఎవరూ ఎత్తలేదు. ఎత్తితే గోడని ఎంపిక చేసినవారెవరన్న ప్రశ్న వస్తుంది. ఆ గోడని ఎంపిక చేసింది డి.ఈ. గారు.

పది రోజుల్లో చిదానంద్ గారి దగ్గర్నుంచి రెండు మెమోలు ఒకే కవర్లో వచ్చాయి.

మొదటిది: గాజు జలాశయములందు ఇకపై కుళాయి నీరు వాడరాదు. సదరు కార్యాలయపు తూము వద్దకు కాలవ ద్వారా స్వయముగా ప్రవహించి వచ్చిన నీటిని మాత్రమే వాడవలెను. ఎగువనుండి బిందెలతో గానీ, బకెట్లతో గానీ, యంత్రములతో గానీ తెచ్చినచో అది అనధికార నీటి తరలింపుగా పరిగణింపబడును.

రెండోది: విశ్రాంతి దశయందు ప్రవేశించిన మొక్కల స్థానమున కొత్తవి కావలసియుండును గనుక, కాలవయందలి గుర్రపుడెక్కను "మాతృ నిల్వ"గా ప్రకటించడమైనది. తదుపరి ఆదేశములు వెలువడు వరకు దానిని తొలగించరాదు.

పొక్లెయిన్ అప్పటికి ఇటుకల వంతెన దగ్గరికి వచ్చి ఉంది. డ్రైవరు టిఫిన్ చేస్తున్నాడు. డి.ఈ. గారు ఫోన్ చేసి వెనక్కి పంపేశారు.

మా తూము కింద గుంటలో ఇంకా కాసిని నీళ్ళు నిలిచి ఉన్నాయి. అవి ఎప్పుడో స్వయంగా ప్రవహించి వచ్చినవే గనక నిబంధనకి సరిపోయాయి. ఏసోబు బిందెతో ముంచి పోశాడు. సరిగ్గా పదమూడు బిందెలకి తొట్టె నిండింది, గుంట అడుగు కనపడింది. మళ్ళీ నాలుగు మొక్కలు వదిలాం. ఈసారి అవి వారానికి ఒకటి చొప్పున విశ్రాంతిలోకి వెళుతుంటే, ఏసోబు మాతృ నిల్వలోంచి వారానికి ఒకటి తెచ్చి వేస్తున్నాడు. రిపోర్టుల్లో మా మొక్కలు చక్కగా బతుకుతున్నాయి.

ఇక్కడ నేను చేసిన పని గురించి చెప్పాలి. ఎవరి మీదికో నెట్టే ఉద్దేశం నాకు లేదు, అది నేనే చేశాను.

ఈ పథకానికి విడిగా ఫారం తయారు చేసే తీరిక ఎవరికీ లేకపోయింది. జలాశయం అని సర్క్యులర్లో ఉంది గనక, కంప్యూటర్లో చెరువులకు వాడే ఫారమే మాకూ తగిలించారు. మా ఆఫీసుల్లో ఒక ఆచారం ఉంది, ఫారంలో గడి ఖాళీగా ఉండకూడదు. అబద్ధం రాస్తే ఎవరూ అడగరు, ఖాళీగా వదిలితే ఫారం తిరిగొస్తుంది. నేను వరసగా నింపుకుంటూ పోయాను. చెరువు పేరు: తుమ్మలదిబ్బ ఆఫీసు చెరువు. నిల్వ సామర్థ్యం: పదమూడు బిందెలు. పూడిక: మూడు అంగుళాలు, నల్లటిది. గండి పడే అవకాశం: గాజు పగిలితే ఉంది. నీటిమట్టం రోజుకి రెండుసార్లు కొలుస్తున్నారా: కొలుస్తున్నాం. నిజంగానే ఏసోబు ఒక చెక్క స్కేలు అతికించి ఉదయం ఆరింటికీ సాయంత్రం ఆరింటికీ కొలుస్తున్నాడు.

చివరి గడి ఆయకట్టు. ఈ చెరువు కింద సాగయ్యే భూమి సర్వే నంబరూ, రైతు పేరూ రాయాలి. "వర్తించదు" అని కొట్టాను. కంప్యూటర్ ఒప్పుకోలేదు. సున్నా పెట్టాను, ఒప్పుకోలేదు. సాయంత్రం ఐదున్నరైంది, బస్సు టైమైంది. బల్ల మీద నాంచారమ్మ అర్జీ పైకి కనపడుతూ ఉంది. సర్వే నంబరు నూట పద్దెనిమిది బై రెండు, విస్తీర్ణం రెండెకరాలు. కొట్టాను. కంప్యూటర్ సంతోషంగా తీసుకుంది. నేను బస్సెక్కాను.

నాలుగు రోజులకి నాంచారమ్మ వచ్చింది, సెల్‌ఫోను చేత్తో పట్టుకుని.

"పట్టాభి గారూ, దీంట్లో ఏదో వచ్చింది. పక్కింటోళ్ళు చదివి, నీ చేనుకి నీళ్ళొచ్చినయ్యంట అన్నారు. పరిగెత్తుకుంటా పోయి చూశా. ఎక్కడా లేవు. ఎక్కడికొచ్చినయ్యో అడుగుదామని వచ్చా," అంది.

ఫోను తీసుకుని చదివాను. "మీ అర్జీ పరిష్కరించబడినది. సర్వే నంబరు 118/2 గల మీ భూమికి తుమ్మలదిబ్బ ఆఫీసు చెరువు నుండి నీరు కేటాయించబడినది. ధన్యవాదములు." అబద్ధం చెప్పే ఓపిక లేక ఆమెని బీరువాల మధ్యకి తీసుకెళ్ళి చూపించాను.

"ఇదా చెరువు?" అంది.

"ఇదే."

ఆమె వంగి లోపలికి చూసింది. "ఇందులో గుర్రపుడెక్కేశారేంటి?"

"పెంచుతున్నాం."

నాంచారమ్మ పక్కనున్న బెంచీ మీద కూలబడింది. "దీన్ని పీకమని గదయ్యా నేను అర్జీ పెట్టుకుంది," అంది. ఆ మాట ఆమె గట్టిగా అనలేదు. గట్టిగా అని ఉంటే నాకు ఇంకాస్త తేలిగ్గా ఉండేది.

డి.ఈ. గారు గదిలోంచి వచ్చారు. సంగతి విని, కంప్యూటర్లో ఒకసారి ఎక్కిన ఆయకట్టుని తీసేయాలంటే ప్రభుత్వ ఉత్తర్వు కావాలని తేల్చి, ఆమెకు నచ్చజెప్పడానికి పూనుకున్నారు.

"చూడమ్మా, ఇదివరకు మీది కాలవకి చిట్టచివరి భూమి. అందరికీ పారాక మీ దాకా రావాలి. ఇప్పుడు మీరు ఈ చెరువుకి మొట్టమొదటి ఆయకట్టుదారు. మీకంటే ముందు ఎవరూ లేరు, వెనకా ఎవరూ లేరు. శాఖాపరంగా చూస్తే మీ హోదా పెరిగినట్టే."

"చేను ఎండిపోతందండీ," అంది నాంచారమ్మ.

"అది క్షేత్రస్థాయి అంశం," అన్నారు డి.ఈ. గారు.

ఆమె లేచి కొంగు దులుపుకుని వెళ్ళిపోయింది. ఉద్యోగంలో చాలా గడులు నింపాను గానీ, గడిలో రాసిన మనిషి వచ్చి నా ముందు కూర్చోవడం అదే మొదటిసారి.

కంప్యూటర్ మాత్రం అక్కడితో ఆగలేదు. చెరువూ ఆయకట్టూ ఉన్నాయి గనక వంతు కూడా ఉండాలని, తనంతట తనే వంతు చీటీ అచ్చువేసింది. అక్టోబరు మొదలుకుని ప్రతి మంగళవారం ఉదయం పది గంటల నుంచి పన్నెండు గంటల దాకా ఆఫీసు చెరువు నీరు మొత్తం నాంచారమ్మ వాడుకోవచ్చు. ఆ చీటీ నేను చూసేసరికే ఏసోబు ఆమెకి ఇచ్చేసి వచ్చాడు.

"ఎందుకిచ్చావయ్యా?" అన్నాను.

"చీటీ వస్తే ఇవ్వాలి గదండీ. ఇరవయ్యేళ్ళ నుంచి ఇస్తన్నా. ఇచ్చినప్పుడల్లా నీళ్ళున్నాయా లేవా అని మీరెప్పుడన్నా అడిగారా?"

అడగలేదు. నిజమే.

అక్టోబరు మొదట్లో చిదానంద్ గారు తనిఖీకి వస్తున్నట్టు కబురొచ్చింది. రాష్ట్రంలో చాలా ఆఫీసుల్లో తొట్టెలు పగిలిపోయి, కొన్నింట్లో ప్లాస్టిక్ తామరలు తేలుతున్నాయట. రెండు నెలలుగా సజీవమైన మొక్కలు ఉన్నది మా దగ్గరేనని, మాకు "ప్రథమ శ్రేణి ప్రశాంత కార్యాలయం" పత్రం ఇచ్చి వెళతారని తెలిసింది. డి.ఈ. గారు బీరువాలకి రంగు వేయించారు. ఏసోబు చేత నాలుగు కొత్త మొక్కలు తెప్పించి, ఆకుల్ని గుడ్డతో తుడిపించారు. ఆయన వచ్చే రోజు మంగళవారమని తెలిసి కూడా నేను నోరు మెదపలేదు. కావాలనే మెదపలేదా అని ఎవరైనా అడిగితే, అలాంటి గడి ఏ ఫారంలోనూ లేదని చెబుతాను.

చిదానంద్ గారు సన్నగా, తెల్లగా, ఇస్త్రీ చేసిన కాగితంలా ఉన్నారు. తొట్టె ముందు కుర్చీ వేయించుకుని, గడియారం చేతిలో పట్టుకుని, ఏడు నిమిషాలు కదలకుండా చూశారు. ఆయన వెనక మేమందరం నిలబడి చూశాం. సహాయకుడొకడు చిన్న సీసాలో రంగు ద్రవం కలిపి పరీక్షించి, కుళాయి నీరు కాదని ధ్రువీకరించాడు.

"మనస్సునకు ఎంతో హాయిగా యున్నది," అని చిదానంద్ గారు పత్రం తీయబోతుండగా గడియారం పది కొట్టింది. నాంచారమ్మ చంకన స్టీలు బిందె పెట్టుకుని లోపలికి వచ్చింది.

డి.ఈ. గారు అడ్డం వెళ్ళారు. "ఇప్పుడు కాదమ్మా, అధికారులున్నారు."

"నా వంతు ఇప్పుడేనండి," అని ఆమె చీటీ చాపింది.

చిదానంద్ గారు చెయ్యి చాచి ఆ చీటీ అందుకున్నారు. ముందూ వెనకా తిప్పి చదివారు. ముద్ర చూశారు, నంబరు చూశారు, సమయం చూశారు. ఆయన ముఖంలో మెల్లగా వెలుగొచ్చింది.

"గోవర్ధన్ గారూ, ఈ పథకమునకు లబ్ధిదారు కూడా కలదా?"

"చిత్తం, సార్," అన్నారు డి.ఈ. గారు. ఇంకేం అంటారు.

"నేను పదకొండు జిల్లాలు పర్యటించితిని. సజీవ లబ్ధిదారును చూచుట ఇదే ప్రథమము. ఫోటో తీయవలెను. అమ్మా, మీరు నిస్సంకోచముగా మీ వంతు నీటిని వినియోగించుకొనుడు."

నాంచారమ్మ మూత తీసి బిందె ముంచింది. సహాయకుడు ఫోటో తీశాడు. ఆమె బిందె భుజానికెత్తుకుని వెనక గుమ్మంలోంచి వెళ్ళి, ఆఫీసు వెనక తన చేలోకి వెళ్ళే బోదెలో కుమ్మరించింది. ఎండిన బోదె ఆ నీళ్ళని అక్కడికక్కడే తాగేసింది. ఆమె తిరిగి వచ్చింది. రెండో బిందె. రెండో ఫోటో. నాలుగో బిందెకి ఫోటోలు ఆగిపోయాయి. ఆరో బిందెకి చిదానంద్ గారు కుర్చీలో కదిలారు.

నేను ఆమె పక్కకి వెళ్ళి మెల్లగా అడిగాను. "ఈ నీళ్ళు రెండెకరాలకి ఏం చాలతాయి నాంచారమ్మా?"

"ఎక్కడ చాలతాయి బాబూ, నాకు తెలీదా? నాదని కాయితమ్మీద రాశారు గదా. నాది నేను తీసుకుపోతన్నా," అంది. ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి. చేతులు మాత్రం ఆగలేదు.

పదమూడో బిందె వంచి పట్టుకుని అడుగున ఉన్నది కూడా తోడేసింది. నాలుగు మొక్కలూ నల్లటి వేళ్ళు పరుచుకుని, తొట్టె అడుగున పక్కకి ఒరిగిపోయాయి. అప్పటికి పదీ నలభై. ఆమె వంతు ఇంకా గంటా ఇరవై నిమిషాలు ఉంది. నాంచారమ్మ బిందె బోర్లించి బెంచీ మీద కూర్చుని ఎదురుచూడసాగింది.

చివరికి చిదానంద్ గారు పత్రాన్ని పరీక్షగా చూశారు.

"ఇందులో తేలియాడు మొక్కలు అని స్పష్టముగా ఉన్నది. ఇవి తేలియాడుట లేదు," అన్నారు.

"ఇప్పుడే నింపిస్తాం సార్. కుళాయి..." అని డి.ఈ. గారు నాలుక కరుచుకున్నారు. ఆ మెమో రాసిన మనిషి ఎదురుగానే ఉన్నాడు.

"తూము దగ్గర నీళ్ళున్నాయా?" అని చిదానంద్ గారు అడిగారు.

"చుక్క లేదండి," అన్నాడు ఏసోబు. "కాలవ పూడిపోయి మూడు నెలలైంది. ఇటుకల వంతెన కాడ మోకాలి లోతుంది నీరు. బిందెతో తెమ్మంటే తెస్తా."

"అది అనధికార తరలింపు," అన్నారు చిదానంద్ గారు. "కాలవ ద్వారా స్వయముగా రావలెను."

"రావాలంటే గుర్రపుడెక్క తియ్యాలండి."

"అది మాతృ నిల్వ."

"అయితే రాదండి."

చిదానంద్ గారు లేచి నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, అటూ ఇటూ పచార్లు చేశారు. తన రెండు మెమోలు ఒకదానికొకటి ఎదురుపడటం ఆయన జీవితంలో అదే మొదటిసారేమో. ఎవరి చేనో ఎండటం ఒకటైతే, పథకం ఎండటం ఇంకొకటి. పచార్లు ఆపి నన్ను కాగితం తీసుకోమన్నారు.

"రాసుకొనుడు. కార్యాలయమునందలి మొక్క, కాలవయందలి మొక్క రెండును ఒకే జాతివైనప్పటికీ, మొదటిది పథకము క్రింద నున్నది. రెండవది పథకమునకు సహాయకారి మాత్రమే. కావున కార్యాలయపు మొక్కల ప్రాణరక్షణార్థము, ఇటుకల వంతెన మొదలు తుమ్మలదిబ్బ తూము వరకు గల మాతృ నిల్వను యుద్ధప్రాతిపదికన తొలగించవలెను. మొక్కలు మిగుల అవస్థలో నున్నందున ఎట్టి జాప్యమైనను సహింపబడదు."

నేను రాసుకున్నాను. నాంచారమ్మ బెంచీ మీంచి వింటోంది. ఆమెకి ఆ భాష ఎంత అర్థమైందో నాకు తెలియదు. ఏసోబు ఆమె పక్కకి చేరి చెవిలో నాలుగు ముక్కలు చెప్పాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

వెనక్కి పంపాక నెలకి పైగా కదలని పొక్లెయిన్ మధ్యాహ్నం రెండింటికి వచ్చింది. ఒకటి చాలదని సాయంత్రానికి రెండోది వచ్చింది. అరవై మంది కూలీలు కాలవలో దిగారు. డి.ఈ. గారు గట్టు మీద గొడుగు వేసుకుని నిలబడి, గంటగంటకీ ఫోనులో మొక్కల పరిస్థితి తెలుపుతున్నారు. మొక్కల మీద తడి గోనెపట్టా కప్పించాం. మూడో రోజు పొద్దున్నే ఇటుకల వంతెన నుంచి నీళ్ళు కదిలి, కాలవ నిండుగా మా తూముని తాకాయి. ఏసోబు పదమూడు బిందెలు ముంచి తొట్టె నింపాడు. మొక్కలు లేచి తేలాయి. పత్రం మీద సంతకమైంది, సన్మానం జరిగింది, శాలువాలు కప్పుకున్నాం.

పదమూడు బిందెలు పోను మిగిలిన కాలవ నీళ్ళన్నీ తూము దాటి, బోదెల్లో పడి, చేలల్లోకి పోయాయి. ఆ సంగతి ఫైల్లో రాయాల్సి వచ్చింది. "అక్వేరియం అవసరములు తీరగా మిగిలిన మిగులు జలములను సమీపమునందలి పల్లపు భూములలోనికి వదిలివేయడమైనది" అని రాశాను. ఆ పల్లపు భూముల్లో నాంచారమ్మ చేను ఒకటి. ఎకరన్నర నిలబడింది. అర ఎకరం అప్పటికే తాలుపోయింది. ఆ అర ఎకరం, ఆమె సర్వే నంబరు ఆ గడిలో కొట్టి నేను బస్సెక్కిన సాయంత్రపు పద్దులోదని నాకు తెలుసు, ఎవరూ అనకపోయినా.

తర్వాతి మంగళవారం పది గంటలకి నాంచారమ్మ మళ్ళీ వచ్చింది, చంకన బిందెతో.

"మీ చేలో నీళ్ళు పారుతున్నాయిగా," అన్నాను.

"పారతన్నాయి బాబూ. ఇది ఖాళీ అయితేనే గదా కాలవ బాగుచేసింది. వారం వారం ఖాళీ చేసి పోతా. గుర్రపుడెక్క మళ్ళీ కమ్ముకోకుండా మీరే చూసుకుంటారు," అంది.

ఆమె ముంచిన తర్వాత ఏసోబు తూము దగ్గర్నుంచి మళ్ళీ పదమూడు బిందెలు తెచ్చి పోస్తున్నాడు. తూములో నీళ్ళు తగ్గాయంటే చాలు, డి.ఈ. గారు పరుగున వెళ్ళి కాలవ చూసుకుంటున్నారు. ఇరవై ఆరేళ్ళలో మా కాలవ ఇంత శుభ్రంగా ఎప్పుడూ లేదు.

మూడో మంగళవారం ఆమె తొట్టె ఖాళీ చేసి, బిందె పక్కన పెట్టి, లోపలికి తేరిపార చూసింది. ఆకులు మళ్ళీ పసుపుపచ్చగా తిరుగుతున్నాయి.

"ఏసోబూ, ఇటొక చెయ్యెయ్," అంది. ఇద్దరూ కలిసి ఖాళీ తొట్టెని బీరువాల మధ్యనుంచి లాగి తూర్పు కిటికీ దగ్గర పెట్టారు. గాజు మూత తీసి గోడకి ఆనించింది. చచ్చిన వేళ్ళు ఏరి పారేసింది. ఏసోబు నీళ్ళు పోశాక మొక్కల మీద సూటిగా ఎండ పడింది.

"ఎండ తగలకుండా ఏ మొక్క బతుకుద్ది బాబూ? ఇంతమంది చదువుకున్నోళ్ళున్నారు," అంది.

"మీకెందుకు నాంచారమ్మా దీని మీద ఇంత శ్రద్ధ? మీ చేనుని చంపబోయింది ఇదే కదా."

"అది బతికుంటేనే గదా నాకు నీళ్ళు," అంది, చెయ్యి కొంగుకి తుడుచుకుంటూ.

పదిహేను రోజులకి నాలుగు మొక్కలు తొమ్మిదయ్యాయి. ఒకదానికి ఊదారంగు పువ్వు వచ్చింది. ప్రధాన కార్యాలయం ఫోటో అడిగింది, పంపాం. దానితో పాటు ఒక ఫారం వచ్చింది. అందులో "మొక్కల అభివృద్ధికి కారకులు" అని ఒక గడి ఉంది. డి.ఈ. గారు పదకొండు మంది సంరక్షణ సంఘం పేర్లు రాయమన్నారు. ఆయన భోజనానికి వెళ్ళాక, నేను "నాంచారమ్మ, ఆయకట్టుదారు" అని కొట్టి పంపేశాను. ఆమె పేరు నేను ఫారంలో రాయడం ఇది రెండోసారి. ఈసారి నిజం రాశాను.

వారం తిరక్కుండా మెమో వచ్చింది. "కార్యాలయ సిబ్బంది కాని వ్యక్తి, కార్యాలయ ఆవరణయందు, ప్రభుత్వ జలముతో, ఎవరి అనుమతితో సేద్యము చేయుచున్నదో మూడు దినములలో సంజాయిషీ సమర్పించవలెను."

మంగళవారం పది గంటలకి నాంచారమ్మ రాగానే ఆ మెమో చదివి వినిపించాను. ఆమె కిటికీ దగ్గర నిలబడి, పండిన ఆకు ఒకటి తుంచి బయటికి విసిరేస్తూ విన్నది.

"ఏం రాయమంటారు?" అని అడిగాను.

"రాయండి బాబూ. పొలంలో సేద్యం చేస్తే నీళ్ళియ్యలేదు, అందుకని ఆఫీసులో చేత్తన్నానని రాయండి," అని బిందె ముంచింది.

అలాగే రాశాను.